కాలనీ కొనాలా, ముక్క కొనాలా?

(టెక్సాస్‌లోని డాలస్ శివారులో, ఇళ్ళలో ఉప్పునీటి ఆక్వేరియాలు పెట్టి, వాటిలో కోరల్స్ (పగడపు జీవులు) పెంచే తెలుగువాళ్ళు కొందరు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నల్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వెనక బల్ల మీదున్న థర్మాకోల్ పెట్టె మాత్రం ఎవరూ తెరవకండి. దాని సంగతి చివర్లో చెప్తాను.

ముందు భాషతో వచ్చిన ఒక చిక్కు. ఈ సరదా పట్టుకున్న కొత్తలో ఒక ఆదివారం "నాలుగు ఫ్రాగ్‌లు కొనుక్కొస్తా" అని ఇంట్లో చెప్పి బయల్దేరాను. మా అత్తగారు విన్నారు. నేను వెళ్ళాక మా ఆయన్ని పక్కకి పిలిచి, "కప్పలెందుకురా ఇంట్లోకి?" అని అడిగారట. ఇంకో నెలకి, "ఒక కాలనీ చూశానండీ, మూడు వందల యాభై డాలర్లు చెప్తున్నారు" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఎన్ని గజాలమ్మా?" అన్నారు. (నవ్వులు)

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు. కోరల్ అంటే చాలావరకు ఒక్క జంతువు కాదు, వందల పాలిప్‌ల ఉమ్మడి కాపురం. ఒక్కో పాలిప్‌కి ఒక నోరు, చుట్టూ టెంటకిల్స్. అన్నిటినీ కలుపుతూ ఒకే చర్మం, గట్టి రకాల్లో దాని కింద సున్నంతో కట్టుకున్న అస్థిపంజరం. ఆ చర్మంలో కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలుంటాయి. వెలుతురు పట్టుకుని అవి వండిపెట్టేదే వీటికి చాలావరకు తిండి. ఈ మొత్తాన్ని కాలనీ అంటాం. అందులోంచి వేలెడంత ముక్క కోసి, సూపర్ గ్లూతో ఒక సిరామిక్ బిళ్ళ మీద అంటిస్తే అది ఫ్రాగ్, ఫ్రాగ్మెంట్‌కి పొట్టి పేరు. మనం ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వీటికి దూరపు చుట్టం. కుజదోషానికి ఇవి పనిచెయ్యవు, పైగా క్రెడిట్ కార్డుకి కొత్త దోషం పట్టుకుంటుంది.

ఇప్పుడు చేతులెత్తండి. మీ ఇంట్లో కరివేపాకు చెట్టు ఉన్నవాళ్ళు ఎంతమంది? దాదాపు అందరూ. ఆ చెట్టుని నర్సరీలో పెద్దదిగా కొన్నవాళ్ళు? ఇద్దరు. ఎవరో ఇచ్చిన పిలక నాటుకున్నవాళ్ళు? చూశారా. నేను ఈ గంటసేపు చెప్పబోయేది మీ అందరికీ ముందే తెలుసు. ఎవరి పెరట్లోనో పదేళ్ళు పెరిగిన చెట్టుని వేళ్ళతో సహా తవ్వి తెచ్చుకుంటే బతుకుతుందా? బతకొచ్చు. కానీ ఎవరూ ఆ పని చెయ్యరు. పిలక తెచ్చుకుంటారు. అది మన కుండీకి, మన కిటికీకి, మన చలికి అలవాటు పడుతూ పెరుగుతుంది. కోరల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో ఈ తెలివి ఇంట్లో వదిలేసి షాపుకి వెళ్తాం.

ఆ మూడు వందల యాభై డాలర్ల కాలనీ కథ చెప్తాను. అక్రోపోరా అనే కొమ్మల రకం గట్టి కోరల్. కొబ్బరికాయంత ఉంటుంది. కొమ్మల చివర్లు నీలం, మొదళ్ళు లేత ఆకుపచ్చ. నాది 75 గ్యాలన్ల ట్యాంకు, అంటే 284 లీటర్లు. అప్పటికి ట్యాంకు పెట్టి ఏడు నెలలు. అంతవరకూ అందులో ఉన్నవి నాలుగు మష్రూమ్ కోరల్స్, ఒక లెదర్ కోరల్. సున్నం పెద్దగా తినని సాధు జీవులు. నా ఆల్కలినిటీ, అంటే కోరల్ సున్నం కట్టుకోవడానికి నీళ్ళలో ఉండే సరుకు లెక్క, 8.6 దగ్గర నెలల తరబడి కదలకుండా ఉండేది. నా నీళ్ళు అంత బాగా కుదిరాయని మురిసిపోయేదాన్ని. నిజానికి తినేవాళ్ళు లేక అలా ఉంది. కాలనీ వచ్చిన నాలుగో రోజు టెస్ట్ చేస్తే 7.1. టెస్ట్ కిట్ పాడైందనుకుని కొత్తది కొన్నాను. 6.9. కంగారుపడి ఒక్క రాత్రిలో 8.5కి ఎక్కించాను. అదీ నా తప్పే. ఆల్కలినిటీ పడిపోయిన దెబ్బ కన్నా, నేను ఎక్కించిన దెబ్బ పెద్దది. తొమ్మిదో రోజున కొమ్మ మొదట్లో బియ్యపు గింజంత తెల్లటి మచ్చ కనిపించింది. పదహారో రోజుకి మొత్తం తెల్లగా, శుభ్రంగా, పెళ్ళిపందిట్లో పెట్టుకునేంత అందంగా తయారైంది. మా అత్తగారు "ఇప్పుడు బావుందమ్మా" అన్నారు. చచ్చిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

షాపువాళ్ళని అనడానికి ఏమీ లేదు. వాళ్ళు అమ్మింది ఆరోగ్యంగానే ఉంది. అది నా నీళ్ళలోకి వచ్చి పోయింది. ఎందుకు పోయిందో ఆలోచించడానికి నాకు ఏడాది పట్టింది, అది మీకు పది నిమిషాల్లో చెప్తాను.

పెద్ద కాలనీ ఆకారమే దాని జాతకం. వెలుతురు ఎటునుంచి వచ్చిందో, నీటి తోపు ఎటునుంచి తగిలిందో దాన్నిబట్టి కొమ్మలు వేసుకుంటుంది. సముద్రంలో అలల తోపు ముందుకీ వెనక్కీ ఊగుతూ లోపలి కొమ్మల మధ్య కూడా కడిగేస్తుంది. మన ట్యాంకులో ఒక మూల పవర్‌హెడ్, అంటే నీళ్ళు తోసే చిన్న పంపు, ఉంటుంది, ఒకవైపే కొడుతుంది. గుబురుగా ఉన్న కాలనీ మధ్యలో నీళ్ళు కదలవు, అక్కడ మురికి పేరుకుంటుంది. దానికి తోడు మనం అందంగా కనపడాలని దాన్ని కొంచెం తిప్పి పెడతాం. దాంతో ఇన్నాళ్ళూ ఎండలో ఉన్న వైపు నీడలోకి పోతుంది, నీడలో ఉన్న వైపు ఎల్‌ఈడీ కింద మాడుతుంది. ముక్కకి ఈ గొడవ లేదు. దానికి ఇంకా ఆకారమే లేదు. మీ పంపు ఎటు కొడితే దానికి తగ్గట్టు కొమ్మ వేస్తుంది.

ఇంకో సంగతి, ప్రయాణం. ఇండోనేషియా సముద్రంలో సిమెంటు బిళ్ళ మీద పెరిగిన కాలనీ అక్కడి ఎగుమతిదారు తొట్టెలోకి, అక్కణ్ణించి ప్లాస్టిక్ సంచిలో లాస్ ఏంజెలెస్ హోల్‌సేలర్ తొట్టెలోకి, అక్కణ్ణించి మన ఊరి షాపులోకి, తర్వాత మన ఇంటికి. కొద్ది వారాల్లో నాలుగు రకాల నీళ్ళు, నాలుగు రకాల వెలుతుర్లు. మనం కొనే రోజుకి బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఒంట్లో దాచుకున్న కొవ్వుతో బండి లాగిస్తోంది. అది అయిపోయేసరికి మన ఇంట్లో ఉంటుంది. పక్క వీధి మనిషి ట్యాంకులో ఏడాదిగా పెరుగుతున్న ముక్కకి ఈ చాకిరీ లేదు. మన డాలస్ నీళ్ళని ఆర్‌ఓలో వడకట్టి, మనం వాడే ఉప్పే కలిపిన నీళ్ళలో పెరిగిన పిల్ల అది.

ఇక పురుగులు. మళ్ళీ కరివేపాకు దగ్గరికి వస్తాను. ఇక్కడ కొన్ని రాష్ట్రాల నుంచి, కొన్ని కౌంటీల నుంచి కరివేపాకు మొక్క బయటికి తీసుకుపోకూడదని ఎందుకన్నారు? నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులుని మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి. మొక్క మంచిదే, ఎక్కి వచ్చే చుట్టంతోనే బాధ. అక్రోపోరాని తినే చదునుపురుగు అచ్చం ఆ కొమ్మ రంగులోనే ఉంటుంది. కొమ్మ మీద కూర్చుంటే మన కంటికి ఆనదు. డిప్‌లో, అంటే పురుగుల మందు కలిపిన నీళ్ళలో, ముంచి పిపెట్‌తో ఊదితే పురుగులు రాలతాయి. గుడ్లు రాలవు. మాంసం లేని ఒట్టి ఎముక మీద, మొదట్లో, అడుగున, సందుల్లో గోధుమ రంగు చుక్కల్లా అంటుకుని ఉంటాయి. ఏ డిప్పూ వాటిని నమ్మకంగా చంపదు. ముక్క అయితే నేనేం చేస్తానంటే, వచ్చిన బిళ్ళని పారేస్తాను. ఒట్టి ఎముక ఎంత కనిపిస్తే అంత కోసేస్తాను. మిగిలింది కొత్త బిళ్ళ మీద అంటిస్తాను. గుడ్లలో ఎక్కువ భాగం చెత్తబుట్టలోకి పోతాయి. కొబ్బరికాయంత కాలనీ అడుగున ఎక్కడెక్కడ గుడ్లున్నాయో మీరు చూడగలరా? మాంటిపోరా అనే ఇంకో గట్టి కోరల్‌ని తినే నూడీబ్రాంక్ అనే పెంకు లేని సముద్రపు నత్తదీ ఇదే కథ. అందుకని పెద్దది కొన్నవాళ్ళు ఆరు వారాలైనా విడి తొట్టెలో పెట్టి, వారం వారం ముంచక తప్పదు. ఆ విడి తొట్టెకీ లైటు కావాలి, పంపు కావాలి, హీటర్ కావాలి. ఆ ఖర్చు ఎవరూ కాలనీ ధరలో కలిపి చూడరు.

(సభలోంచి ప్రశ్న: అక్కా, ఇవన్నీ సరే గానీ, నేను ఏడాదిగా ముక్కలే కొంటున్నా. సగం చచ్చిపోయాయి. కాలనీ అయితే కనీసం కొంతైనా మిగిలేది కదా?)

మంచి ప్రశ్న, నిజం కూడా. చిన్నదాంట్లో తప్పుకి చోటు లేదు. కాలనీలో ఒక మూల చస్తే బతికిన మూల కోసుకుని కాపాడుకోవచ్చు. చిటికెన గోరంత ముక్కలో ఒక మూల చస్తే ఇంకేం మిగులుతుంది? నత్త వచ్చి తోసేస్తుంది, ఇసుకలో బోర్లా పడుతుంది, మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి అయిపోతుంది. బిళ్ళ మీద నాచు లేచి మీదికి పాకుతుంది. కానీ తమ్ముడూ, ఒక్కటి అడుగుతాను. నువ్వు కొన్నప్పుడు అవి ఎప్పుడు కోసినవో అడిగావా? (లేదక్కా.) అక్కడే ఉంది. చాలామంది అమ్మేవాళ్ళు అమ్మకానికి రెండు రోజుల ముందు కోస్తారు. కోసిన గాయం మానకముందే ప్రయాణం, కొత్త నీళ్ళు. ఆపరేషన్ అయిన రెండో రోజు మనిషిని రైలెక్కించినట్టు. బిళ్ళని చేతిలోకి తీసుకుని చూడు. గ్లూ కనిపిస్తూ ఉంటే అది నిన్న మొన్న కోసింది. కోరల్ చర్మం గ్లూ మీదుగా పాకి, బిళ్ళ మీద చిన్న అంచులా పరుచుకుని ఉంటే అది కుదురుకున్న ముక్క. నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే కొను.

నన్నడిగితే మరీ గోరంతవి కూడా వద్దు. రెండు మూడు అంగుళాలది, ఐదారు నెలలు ఒకే ట్యాంకులో పెరిగింది, దాన్ని మినీ కాలనీ అంటున్నారు ఈ మధ్య. నేను డబ్బు పెట్టేది వాటి మీదే. టార్చ్, హామర్ లాంటి కోరల్స్‌కి తలకింత, అంటే పాలిప్‌కింత, అని ధర చెప్తారు కదా, ఒక్క తల కొనే బదులు రెండు మూడు తలలున్నది కొనండి. ఒక తలకి బ్రౌన్ జెల్లీ తెగులు పట్టినా వెంటనే కోసి పారేస్తే ఇంకోటి మిగిలే అవకాశం ఉంటుంది.

"మరి ట్యాంకు ఎప్పటికి నిండుతుంది?" ఇది మా ఆయన ప్రశ్న. మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ రాళ్ళ మీద బొత్తాలు కుట్టినట్టుందని నవ్వేవాళ్ళు. ఇక్కడ ఫ్లోరిడాలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. సమ్మర్‌ల్యాండ్ కీ అనే చిన్న దీవిలో మోట్ మెరైన్ ల్యాబొరేటరీ ఉంది. అక్కడ డేవిడ్ వాన్ అనే శాస్త్రవేత్త ఎల్క్‌హార్న్ కోరల్‌ని ఒక తొట్టెలోంచి తీయబోతే అది అడుగుకి అంటుకుపోయి ఉంది. లాగితే విరిగింది. అడుగున కొన్ని పాలిప్‌లు మిగిలిపోయాయి. అవి పోయాయనే అనుకున్నాడు. కొన్నాళ్ళకి చూస్తే ఆ కొద్ది పాలిప్‌లు ఊహించనంత వేగంగా పెరిగిపోయాయి. గాయాన్ని మూసుకోవడానికి అంచులన్నీ ఒక్కసారిగా పాకడం మొదలుపెడతాయన్నమాట. ఇలా కావాలనే చిన్న చిన్న ముక్కలుగా కోసి పెంచడాన్నే మైక్రోఫ్రాగ్మెంటింగ్ అంటున్నారు. మామూలుగా పెరిగే దానికన్నా 25 నుంచి 50 రెట్ల వేగం అని వాళ్ళు చెప్తారు. పొరపాటున విరగ్గొట్టిన చెయ్యి ఎంత పని చేసిందో చూడండి.

ఇందులో మనకి పనికొచ్చే కిటుకు ఇంకోటుంది. ఒకే తల్లి నుంచి కోసిన ముక్కలు ఎదురెదురుగా పెరిగి తగిలితే కొట్టుకోవు, కలిసిపోతాయి. అదే వేరే తల్లి బిడ్డలైతే యుద్ధమే. నేను ఒకే మాంటిపోరాని ఐదు ముక్కలు చేసి, ఒక రాయి మీద రెండు రెండు అంగుళాల ఎడంలో అంటించాను. పదకొండు నెలలకి రాయి కనపడటం మానేసింది. వరి నాట్లు వేసినట్టే. ఒక దుబ్బు పెద్దది చెయ్యాలని ఎవరూ చూడరు, నాలుగు దుబ్బులు కలుసుకునేలా వేస్తారు. గుండ్రంగా, పరుచుకుని పెరిగే జాతులకి ఇది బాగా పనిచేస్తుంది. అక్రోపోరా లాంటి కొమ్మల రకాలు ముందు కొన్ని నెలలు రాయిని పట్టుకుని పరుచుకుంటాయి, పైకి లేవవు. "నా ముక్క పెరగట్లేదు" అని ఏడిచేది ఆ నెలల్లోనే. అది కిందికి పెరుగుతోంది, ఓపిక పట్టండి.

చోటు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ముక్కలు కొన్నప్పుడు అరచేతిలో ఆరు పడతాయి కదా అని పక్కపక్కనే పెట్టేస్తాం. ఏడాది తిరిగేసరికి గట్టు తగాదాలు మొదలవుతాయి. గలాక్సియా అనేది రాత్రిపూట జానెడు పొడవు కుట్టే దారాలు వదులుతుంది, పక్కవాడు తెల్లారేసరికి కాలిపోయి ఉంటాడు. గ్రీన్ స్టార్ పాలిప్ అయితే గుర్రపుడెక్కే. పది డాలర్లకి వస్తుంది, పదేళ్ళు పోదు. దాన్ని విడి రాయి మీద పెట్టండి, ప్రధాన రాళ్ళకి తగలనివ్వకండి.

అయితే కాలనీయే కొనవలసినవి లేవా? ఉన్నాయి. ట్రాకిఫిలియా, స్కోలీమియా, ఫంగియా, ఇవన్నీ చాలావరకు ఒకే నోరున్న పెద్ద పాలిప్‌లు. వీటిని ముక్క చెయ్యడం అంటే జంతువుని రెండుగా నరకడం. మొత్తంగా కొనండి లేదా వదిలేయండి. గోడలా పెరిగే హామర్ కూడా అంతే, మధ్యలో కోస్తే ఆ గాయం నుంచి మొత్తం పోయే ప్రమాదం ఉంటుంది. కొమ్మలుగా పెరిగే హామర్‌ని తల కింద ఒట్టి ఎముక దగ్గర కోస్తే దానికి తెలియను కూడా తెలియదు. ఇంకో సందర్భం, మన ఊళ్ళోనే ఎవరో ఇల్లు మారుతూ ట్యాంకు తీసేస్తుంటే వాళ్ళ కాలనీ. ఆ నీళ్ళు మన నీళ్ళకి దగ్గర, దాని చరిత్ర అడిగితే చెప్తారు, ప్రయాణం అరగంట. ఈ ఒక్క సందర్భంలో నేను కళ్ళు మూసుకుని పెద్దది తెచ్చుకుంటాను. తెచ్చుకున్న వారంలో రెండు కొమ్మలు కోసి వేరే వాళ్ళకి ఇస్తాను.

కోసేటప్పుడు ఒక హెచ్చరిక. జొయాంథిడ్‌లు, పాలీథోవాలు అనే మెత్తటి రకాలు కోస్తే కళ్ళకి అద్దాలు, చేతులకి గ్లవ్స్ ఉండాలి. కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉంటుంది. ఆ రాళ్ళని వేడినీళ్ళలో ఉడకబెట్టి శుభ్రం చేద్దామని మాత్రం ఎవరూ అనుకోకండి. ఆవిరితో ఇంటిల్లిపాదీ ఆస్పత్రిపాలైన కేసులున్నాయి.

ఇందాక కొమ్మలు కోసి వేరే వాళ్ళకి ఇస్తానన్నాను కదా, ఎందుకు ఇస్తానో చెప్తాను. 2021 ఫిబ్రవరి మంచు తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో మూడు రోజులు కరెంటు లేదు. స్టవ్ మీద నీళ్ళు కాచి, సీసాల్లో పోసి ట్యాంకులో వేలాడదీశాం. దుప్పట్లన్నీ ట్యాంకుకి కప్పి మేం జాకెట్లతో పడుకున్నాం. మా అత్తగారు అర్ధరాత్రి లేచి సీసాలు మార్చారు, పాపం, ఆ కప్పల కోసమే. బ్యాటరీ పంపు రెండో రోజుకి అయిపోయింది. నీళ్ళు 16 డిగ్రీలకి దిగాయి. వారంలో అన్నీ పోయాయి. ఒక్క మష్రూమ్ మిగిలింది. ఏడేళ్ళ పని.

ఆ తుపానుకి రెండేళ్ళ ముందు నేను మా పక్క వీధి బాబాయి గారికి రెండు ముక్కలిచ్చాను, ఒకటి ఆ మాంటిపోరా, ఇంకోటి మూడు తలల డంకన్ కోరల్. ఆయన ఇల్లు ఆస్పత్రి ఉన్న లైనులో ఉంది, కరెంటు పోలేదు. ఏప్రిల్‌లో ఆయనే ఫోన్ చేశారు, "అమ్మాయ్, నీ పిల్లలు నా దగ్గర చెట్టంత అయ్యారు, వచ్చి కోసుకుపో" అని. ఇప్పుడు మా ట్యాంకులో ఉన్న డంకన్‌కి నలభై తలలు. అదే ప్రాణం, అదే జీవి. నేను కొన్న ఏ కాలనీ నాకు తిరిగి రాలేదు, ఇచ్చిన ముక్కలు తిరిగొచ్చాయి.

(సభలోంచి ప్రశ్న: హైదరాబాద్‌లో మా తమ్ముడికి ఒకటి రెండు ముక్కలు తీసుకెళ్ళొచ్చా?)

వద్దండి. గట్టి అస్థిపంజరం ఉన్న పగడాలు ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి కూడా ఆ షెడ్యూల్‌లోదే. బతికినవే కాదు, అండమాన్ బీచ్‌లో ఏరుకున్న ఎండు ముక్క సూట్‌కేసులో దొరికినా ఇబ్బందే. ఏ దేశం నుంచైనా సరిహద్దు దాటాలంటే సైటిస్, అంటే వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం, కింద అనుమతి కాగితాలు కావాలి. మనకి షాపులో దొరుకుతున్నవీ ఎప్పుడూ దొరుకుతాయనేం లేదు. 2017 చివర్లో ఫిజీ ఎగుమతులు ఆపేసింది. 2018 మేలో ఇండోనేషియా ఆపేసింది, 2020లో మళ్ళీ తెరిచినప్పుడు ముందు పెంచిన కోరల్స్‌కే అనుమతిచ్చింది. ఆ మధ్యకాలంలో ఇక్కడ మనకి టార్చ్‌లు దొరికింది ఎక్కువగా ఒకరి ట్యాంకులోంచి ఒకరికి కోసిచ్చినవే.

సరే, ఇప్పుడు పెట్టె. అందులో పద్నాలుగు ముక్కలున్నాయి. మాంటిపోరా ఎనిమిది, డంకన్ ఆరు. అన్నీ ఐదు నెలల కిందట కోసినవి, బిళ్ళ మీద అంచు పరుచుకుంది, చూసుకుని తీసుకోండి. ఇంటికొకటి. ఇంటికెళ్ళాక సంచిని అరగంట ట్యాంకులో తేల్చండి, డిప్‌లో ముంచండి, మొదటి వారం కింద ఇసుక మీదే ఉంచండి. నా దగ్గర తీసుకున్నారు కదా అని డిప్ మానెయ్యకండి, నన్నూ నమ్మకండి. డబ్బులేం వద్దు. కానీ పక్కనున్న నోట్‌బుక్‌లో పేరు, ఫోన్ నంబరు, ఏది తీసుకున్నారో రాసి వెళ్ళండి. మళ్ళీ కరెంటు పోతే నేనే ఫోన్ చేస్తాను.